కిల్టప్ప జీవితం, తిప్పేస్వామి ఉద్యోగం

తిప్పేస్వామిని ఉద్యోగంలోంచి తీసేస్తారనీ, తీసేసి మళ్లీ తిప్పేస్వామినే వేస్తారనీ, ఇట్లా అయిదుసార్లు జరుగుతుందనీ పక్కింటి లింగమ్మ చెప్పిందట. లింగమ్మకు చెప్పింది ఆమె తోడికోడలు. తోడికోడలికి చెప్పింది జిల్లా క్రీడా సంస్థ ఆఫీసు ఊడ్చే మనిషి. ఆ మనిషి కాగితమైతే చదవలేదు గాని, ఆ కాగితం టైపు కొడుతూ ఇద్దరు గుమస్తాలు కళ్లు తుడుచుకోవడం చూసిందట. ఎవరో పోయారేమో అని దగ్గరికెళ్తే, నవ్వాపుకోలేక తుడుచుకుంటున్నారట.

గోడ మీదుగా ఈ మాట అందుకున్న తిప్పేస్వామి పెళ్లాం సుంకులమ్మ, సాయంత్రం మొగుడు గ్రౌండు నుంచి రాగానే చెంబుతో నీళ్లిచ్చి, ఆయన గుటకలు వేయడం అయిపోయేదాకా ఆగి, మొత్తం చెప్పింది.

"అయిదుసార్లు తీసేస్తే ఆరుసార్లు వెయ్యాల. ఆ ఆరోది గట్టిగా రాయించుకో" అంది.

తిప్పేస్వామి నమ్మలేదు. పద్దెనిమిదేళ్లుగా రాళ్లదొడ్డి బాలికల ఫుట్‌బాల్ హాస్టల్‌కు ఆయనే కోచ్. ఇన్నేళ్లలో ఆయన మీద వచ్చిన ఫిర్యాదు ఒక్కటే, గొంతు చాలదని. విజిల్ ఊదితే తప్ప అవతలి గోలు దగ్గరున్న పిల్లకు సారు వచ్చాడో లేదో తెలియదు. పైనుంచి ఏ కాగితం వచ్చినా ఎదురు చెప్పడం ఆయనకు చేతకాదు. కింద 'అందినది' అని రాసి సంతకం పెట్టేవాడు. సంతకం మాత్రం గుండ్రంగా, చూడముచ్చటగా ఉండేది.

ఆ ఏడాది ఆయన తలలో ఒకే ఒక్క ఆలోచన తిరుగుతోంది. రాష్ట్ర ఛాంపియన్లయిన బాలికల జట్టుకు పట్నంలోని స్పోర్ట్స్ కాలేజీలో హాస్టల్‌తో సహా సీట్లిస్తామని ప్రకటన వచ్చింది. రాళ్లదొడ్డి రోడ్డు మీద రోజూ పొద్దున ఆరింటికి గార్మెంట్ ఫ్యాక్టరీ బస్సు ఆగుతుంది. ఆయన చేతిలో తయారైన ముగ్గురు ఫార్వర్డులు, ఇద్దరు గోల్‌కీపర్లు, బంతి ఎక్కడ పడుతుందో బంతి కంటే ముందు తెలిసే ఒక లెఫ్ట్ బ్యాక్ ఇప్పుడు ఆ బస్సెక్కి పోయి చొక్కాలకు కాలర్లు కుడుతున్నారు. ఈసారి కెప్టెన్ ఉలిగమ్మ. పదిహేడేళ్ల పిల్ల. పెద్ద పరీక్షలు ఆ ఏడాదే. ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ అప్పుడే ఒకసారి వచ్చి వాళ్ల నాయనతో మాట్లాడి, టీ తాగి పోయాడు. గెలిస్తే కాలేజీ, లేకపోతే కాలర్. తిప్పేస్వామికి ఇంతకంటే పెద్ద లెక్క తెలియదు.

పైవాళ్లకు తెలిసింది.

జిల్లా క్రీడా సంస్థ ప్రత్యేకాధికారి పరాంకుశరావు గారు ఫుట్‌బాల్ అధ్యయనం కోసం పదకొండు రోజులు ఐర్లండ్ వెళ్లివచ్చారు. పదకొండు రోజులూ అక్కడ వాన పడింది. చూద్దామనుకున్న ఆటలన్నీ ఆగిపోయాయి. చేసేది లేక ఆయన ఒక పల్లెటూరి బీరు దుకాణంలో వెచ్చగా కూర్చుంటే, పక్క కుర్చీలో ఒక ముసలాయన కనిపించాడు. పేరు డెర్మట్ క్విల్టీ. ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆడి, తర్వాత మేనేజరయ్యాడు. అక్కడ జట్టును తయారుచేసి ఆడించే మనిషిని మేనేజరంటారు. ఆయన మూడు రోజులపాటు తన బతుకంతా చెప్పాడు. పరాంకుశరావు గారు అంశాలవారీగా నంబర్లు వేసి రాసుకున్నారు.

ఆ బతుకు ఇది. సముద్రం పక్క పల్లె. తొమ్మిదిమంది సంతానంలో ఏడోవాడు. మూడుపూటలా ఉడకబెట్టిన బంగాళదుంపలు. ఏడాది పొడవునా వాన, వానలోనే ఆట. పదిహేనో ఏట పడవెక్కి ఇంగ్లండు వెళ్లడం, దారంతా వాంతులు. ఒక మిల్లుల ఊరి జట్టులో ఎడమవైపు బ్యాక్‌గా పన్నెండేళ్లు. ఒక ఫైనల్లో తన గోలులోకి తానే బంతి కొట్టుకోవడం. ఇరవై ఏడో ఏట మోకాలు విరగడం. తర్వాత మేనేజరుగా అయిదు క్లబ్బులు, అయిదుచోట్లా ఉద్యోగం ఊడటం. ఆరో క్లబ్బులో, యాభై ఒకటో ఏట, కప్పు.

పరాంకుశరావు గారు తిరిగొచ్చి నలభై ఆరు పేజీల నివేదిక సమర్పించారు. చివరి పేజీలో ఇట్లా ఉంది: 'పై అంశములను క్షుణ్ణముగా పరిశీలించిన మీదట, శ్రీ క్విల్టీ గారి కప్పు వారి జీవితము యొక్క పర్యవసానమేనని రూఢి అయినది. కావున సదరు జీవితమును వరుస తప్పకుండా అమలుపరచిన యెడల సదరు కప్పు విధిగా సంప్రాప్తించును.'

పైవాళ్లకు ఇది నచ్చింది. కొత్త గ్రౌండ్లు అడగడం లేదు, బూట్లు అడగడం లేదు, జీవితం మాత్రమే అడుగుతోంది. జీవనక్రమ అమలు పథకం మంజూరై, రాళ్లదొడ్డి హాస్టల్ ప్రయోగ కేంద్రమైంది. ఆటగాడి భాగం పిల్లలకు, మేనేజర్ భాగం కోచ్‌కు.

మొదటి చిక్కు పుట్టుకతోనే వచ్చింది. జట్టులో ఉండాలంటే ఏడో సంతానమై ఉండాలి. తహసీల్దారు సర్టిఫికెట్ తేవాలి. ఉలిగమ్మ వాళ్లింట్లో ఒక్కతే. పంచాయతీ సెక్రటరీ మంచివాడు. మీ ఇంట్లో గొర్రెలెన్ని అని అడిగాడట. ఆరు అంది. వాటికి పేర్లుండాయా అన్నాడట. ఉన్నాయంది. సర్టిఫికెట్ వచ్చింది. దానిలో ఉలిగమ్మకు ఆరుగురు అక్కలున్నారు, అందరూ ఆమెకంటే వయసులో చిన్నవాళ్లు. ఎవరూ గమనించలేదు.

తర్వాత దుంపలు వచ్చాయి. హాస్టల్‌లో పొద్దున సంగటి, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం వేరుశెనగలు మానిపించి మూడుపూటలా ఉడకబెట్టిన బంగాళదుంపలు పెట్టాలని, ఉప్పు 'ఉన్నదో లేదో తెలియనంత' వెయ్యాలని ఉత్తర్వు. వంటమనిషి నంజక్క నాలుగు రోజులు చూసింది. అయిదో రోజు దుంపల్ని మెత్తగా గెలికి, సంగటి ముద్దలాగా చుట్టి, పక్కన గోంగూర పెట్టింది. తనిఖీకి వచ్చిన అధికారికి ఆకుపచ్చగా ఉన్నదేమిటని అనుమానం వచ్చింది. అది ఐర్లండు రంగని నంజక్క చెప్పింది. ఆమెకు ఆ సంగతి ఎవరు చెప్పారో తెలియదు గాని, అధికారి తలూపి రాసుకున్నాడు.

సముద్రం లేదు కాబట్టి డ్యాములో పుట్టి, అంటే బుట్టలాంటి గుండ్రటి పడవ, ఎక్కించారు. మెడికల్ ఆఫీసర్ ఒడ్డున వాంతి ధ్రువపత్రాలు పట్టుకుని కూర్చున్నాడు. పుట్టిని గిరగిరా తిప్పితే పిల్లలు కేరింతలు కొట్టారు, ఇంకొకసారి తిప్పమన్నారు. ఒక్కరికీ వాంతి కాలేదు. పర్యవేక్షణకు వాళ్లతో ఎక్కిన పరాంకుశరావు గారికి అయింది. వృథా పోకూడదని ఒక ధ్రువపత్రం ఆయన పేరునే జారీ చేశారు. మోకాలి అంశం మాత్రం పిల్లలకు ఇరవై ఏడేళ్లు నిండేదాకా వాయిదా వేశారు. ఆ ఫైలు మీద 'గడువులోగా గుర్తుచేయవలెను' అని ఎర్రసిరాతో రాసుంది.

అసలు పండగ వానతో వచ్చింది.

రాళ్లదొడ్డిలో కొళాయి తొమ్మిది రోజులకోసారి వస్తుంది. వాన సంగతి ముసలివాళ్లు చెప్పాలి. పథకం ప్రకారం వారానికి మూడురోజులు వానలో ప్రాక్టీసు జరగాలి. అందుకని ట్యాంకర్ తెప్పించి, పైపుకు జల్లెడ కట్టి, గ్రౌండు మీద వాన కురిపించారు. మొదటిరోజు పిల్లలు తడిశారు. రెండోరోజు వాన మొదలయ్యేసరికి లింగమ్మ రెండు ప్లాస్టిక్ బిందెలతో సెంటర్ సర్కిల్‌లో నిలబడి ఉంది. మూడోరోజుకి నలభైమంది. గోలు నుంచి గోలు దాకా బిందెలే, నీలంవీ, ఆకుపచ్చవీ, ఒక ఇత్తడిదీ.

తిప్పేస్వామి వెళ్లి పక్కకు జరగమని తన గొంతుతో అడిగాడు. లింగమ్మకు వినపడలేదు. రెండోసారి అడిగాడు.

"వాన దేవునిదప్పా, నీదా?" అంది లింగమ్మ. "ఆడుకునేవాళ్లు ఆడుకోండి. నా బిందెకు బంతి తగిలితే మాత్రం చూసుకోండి."

ఆ చూసుకోవడం ఏమిటో పిల్లలకు తెలుసు. లింగమ్మ తిట్లు మొదలుపెడితే తగిలించిన పిల్ల ముత్తాత దగ్గరినుంచి వస్తుంది. అందుకని పిల్లలు బంతిని కాలికి అంటించుకుని, బిందెల సందుల్లోంచి, చీరకుచ్చెళ్ల మధ్యలోంచి, ఒక్క చుక్క తొణక్కుండా తీసుకుపోవడం నేర్చుకున్నారు. రెండు నెలలకు ఉలిగమ్మ నలభై బిందెల మధ్య పరుగు తగ్గించకుండా ఈ గోలు నుంచి ఆ గోలుకు పోతోంది. తిప్పేస్వామి పద్దెనిమిదేళ్లు నేర్పినా రానిది, లింగమ్మ నోటికి భయపడి వచ్చింది. పరాంకుశరావు గారు చూసి సంతోషించి, 'స్థానిక మహిళలు బిందెలతో విచ్చేసి క్రీడలను ప్రోత్సహించుచున్నారు' అని పైకి రాశారు.

ఇటు పిల్లల వంతు ఇట్లా నడుస్తుంటే, అటు లింగమ్మ చెప్పిన మాట అక్షరాలా నిజమైంది.

క్విల్టీ గారి మొదటి ఉద్యోగం క్లబ్ అధ్యక్షుడి స్థలంలో కారు నిలిపినందుకు పోయింది. తిప్పేస్వామికి కారు లేదు. మోపెడ్‌ను పరాంకుశరావు గారి స్థలంలో నిలపమన్నారు. నిలిపాడు. పరాంకుశరావు గారు జీపు దిగి, నిబంధన ప్రకారం అయిదు నిమిషాలు మోపెడ్ వంక చూసి, కోపము వచ్చినట్లుగా రిజిస్టరులో నమోదు చేయించి, పదకొండు గంటలకు తొలగింపు ఉత్తర్వు ఇచ్చారు. భోజనం తర్వాత నియామకపు ఉత్తర్వు ఇచ్చారు. తిప్పేస్వామి రెండింటి కిందా 'అందినది' అని రాశాడు. ఆరోజు సుంకులమ్మ ఏడ్చింది.

రెండోసారి వరసగా తొమ్మిది ఆటలు ఓడాలి. నాలుగో తరగతి పిల్లలతో పెట్టారు. ఎనిమిది ఎట్లాగో ఓడారు. తొమ్మిదోదాంట్లో అవతలి గోల్‌కీపరు నీళ్లు తాగడానికి పోయిన సమయంలో బంతి తనంతట తాను దొర్లుకుంటూ లోపలికి పోయింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ తొలగింపు నాడు సుంకులమ్మ, అన్నానికి ఇంటికొస్తావా, ఆఫీసులోనే తింటావా అని మాత్రం అడిగింది.

మూడోది రిఫరీని తిట్టడం. తిప్పేస్వామి జన్మలో ఎవరినీ తిట్టినవాడు కాదు. అందుకని రిఫరీగా ఆయన బామ్మర్ది మద్దిలేటిని పెట్టారు. మద్దిలేటి ఆరేళ్ల కింద ఒక నిచ్చెన తీసుకుపోయి మళ్లీ తేలేదు. విజిల్ మోగగానే తిప్పేస్వామి గొంతులోంచి ఆ నిచ్చెన బయటికి వచ్చింది. ఊరంతా విన్నారు. మర్నాడు తొలగింపు ఉత్తర్వు, నిచ్చెన, రెండూ ఇంటికి చేరాయి. సుంకులమ్మ వేరుశెనక్కాయలు ఒలుస్తూ లేవకుండానే, నిచ్చెన గోడకానించమంది.

నాలుగోది పత్రికతో నిజం చెప్పినందుకు. చెప్పబోయే నిజాన్ని మూడు ప్రతుల్లో ముందుగా సమర్పించమన్నారు. గ్రౌండులో పిల్లలకు మరుగుదొడ్డి లేదని తిప్పేస్వామి రాసిచ్చాడు. 'ఇది మరీ నిజము. కొంత తగ్గించి తిరిగి సమర్పించగలరు' అని వెనక్కి వచ్చింది. మూడుసార్లు తగ్గించాక, రాళ్లదొడ్డి గ్రౌండులో గాలి ఎక్కువ అనే నిజం ఆమోదం పొంది, పేపర్లో అచ్చయింది. దానికి తీసేశారు.

అయిదోదాని దగ్గర బండి ఆగింది. ఎందుకు తీసేశారని ఐర్లండులో అడిగితే క్విల్టీ గారు, ఇప్పటికీ నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు అన్నారట. కాని సర్వీసు నిబంధనల ప్రకారం కారణం లేకుండా ఎవరినీ తొలగించడానికి వీల్లేదు. పరాంకుశరావు గారు, 'కారణము లేకుండా తొలగించుటకు తగిన కారణము తెలుపగోరుతూ' రాజధానికి ఫైలు పంపారు. అది వెళ్లి మూడు నెలలైంది.

ఈలోగా జట్టు గెలవడం మొదలుపెట్టింది. జిల్లాలో గెలిచింది, జోన్‌లో గెలిచింది, సెమీస్‌లో గెలిచింది. బిందెలు లేని గ్రౌండు ఆ పిల్లలకు ఖాళీ రోడ్డులాగా ఉంది. ప్రయోగ కేంద్రం కనుక ఫైనల్ కూడా రాళ్లదొడ్డిలోనే పెట్టారు. ముఖ్య అతిథిగా సాక్షాత్తూ క్విల్టీ గారినే పిలిపించారు.

డెబ్బై దాటిన మనిషి. ఎర్రటి మొహం, కుంటి కాలు, తలమీద నేత టోపీ. ఊరివాళ్లు అప్పటికే ఆయనకు కిల్టప్ప అని పేరు పెట్టేశారు. ఆయన ఇంగ్లీషు తెలుగులోకి మార్చడానికి డిగ్రీ కాలేజీ లెక్చరర్ సుదర్శనం గారిని పెట్టారు. జీపు దిగి కిల్టప్ప ఒక్క ముక్క అన్నాడు. ఎండ ఎక్కువగా ఉందని తిప్పేస్వామికి అర్థమైంది. సుదర్శనం గారు మైకందుకుని, ఈ పుణ్యభూమి మీద ప్రసరిస్తున్న సూర్యకాంతి తమ హృదయాన్ని పులకింపజేస్తున్నదని క్విల్టీ మహాశయులు సెలవిస్తున్నారని చెప్పారు.

మధ్యాహ్నం ఆయనకు గెస్ట్‌హౌస్‌లో ఉడికించిన దుంపలు సిద్ధం చేశారు. ఆయన పళ్లెం చూసి, లేచి, కుంటుకుంటూ బయటికొచ్చి, గ్రౌండు పక్కనే ఉన్న తిప్పేస్వామి ఇంట్లో సంగటి, నాటుకోడి పులుసు తిన్నాడు. మళ్లీ పెట్టించుకున్నాడు. దుంపలు చూస్తే తనకు చిన్నప్పటి ఆకలి గుర్తొస్తుందని, అవి తప్ప ఇంట్లో ఇంకేమీ ఉండేవి కావని, నిదానంగా, తిప్పేస్వామికి అర్థమయ్యేటట్టు చెప్పాడు. తిప్పేస్వామి తన ఇంగ్లీషులో, సుంకులమ్మ తన తెలుగులో, ఇంకొంచెం వేసుకోమన్నారు. పథకం సంగతి ఎట్లా చెప్పాలో తిప్పేస్వామికి తెలియలేదు. ఏ దేశంలోనైనా ఒక మనిషికి, అయ్యా, నీ కష్టాలన్నీ మేము జీవో ఇచ్చి వాడుకుంటున్నాం అని అన్నం పెట్టి చెప్పడం కష్టం.

సాయంత్రం ఫైనల్. అవతల కోస్తా జట్టు, ఒక్కొక్క పిల్ల తాటిచెట్టంత ఉంది. ఆట మొదలయ్యే ముందు తిప్పేస్వామి చేతికి చీటీ వచ్చింది: 'అంశము 14, స్వపక్ష గోలు, ఇంకనూ పెండింగు. కెప్టెన్ ద్వారా ఈ ఫైనల్లోనే పూర్తి చేయించి నివేదించవలెను.' కిల్టప్ప చేసింది ఫైనల్లోనే, కాబట్టి ఇది తప్పితే ఇంకో అవకాశం లేదు. సాక్ష్యానికి గెజిటెడ్ అధికారి ఉండాలి. దొరికింది పశువుల డాక్టరు ఒక్కడే. ఆయన గడియారం చూసుకుంటూ గోలు పక్కన కుర్చీ వేసుకున్నాడు.

తిప్పేస్వామి చీటీ మడిచి జేబులో పెట్టుకుని ఉలిగమ్మను పిలిచాడు. "ముందు మనవి రెండు కొట్టండి పాపా. ఆమీట ఆయప్పది ఒకటి కొట్టుకుందాం" అన్నాడు.

మొదటిది ఇరవయ్యో నిమిషంలో పడింది. రెండోది పడలేదు. విరామంలో ఒక చీటీ వచ్చింది. అరవయ్యో నిమిషంలో ఇంకో చీటీ. డెబ్బై అయిదులో పరాంకుశరావు గారే లేచి నిలబడి వేలితో గడియారం చూపించారు. అప్పుడు కొడితే ఆట సమానమవుతుంది. తిప్పేస్వామి ఆయన వైపు తిరిగి నమస్కారం పెట్టాడు, వినయంగా, మాటిమాటికీ. ఎనభై నాలుగో నిమిషంలో ఉలిగమ్మ అయిదుగురిని అయిదు బిందెలనుకుని దాటుకుంటూ పోయి రెండోది కొట్టింది. ఎనభై ఏడులో బంతి తీసుకుని వెనక్కి తిరిగింది. అవతలి పిల్లలు ఆగిపోయి చూస్తున్నారు. గోల్‌కీపర్ షాహీన్ పెద్దవాళ్లకు దారిచ్చినట్టు పక్కకు జరిగింది. బంతి లోపలికి పోయింది. పశువుల డాక్టరు 'గమనించితిని' అని రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టాడు.

వేదిక మీద కిల్టప్ప టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మిగిలిన మూడు నిమిషాలు తిప్పేస్వామి ఆట చూడలేదు. రోడ్డు వైపు, బస్సాగే చోటు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆఖర్లో కోస్తా పిల్ల కొట్టిన బంతి గోలు మూలకు పోతుంటే షాహీన్ గాల్లో అడ్డంగా లేచి వేలికొసతో నెట్టింది. ఆ చప్పుడుకు మాత్రం ఇటు తిరిగాడు. విజిల్ మోగింది. రెండు, ఒకటి. నలభైమంది ఆడవాళ్లు బిందెలు వాయించారు.

బహుమతి ప్రదానం మొదలైంది. బల్లమీద తెల్లగుడ్డ, దానిమీద కప్పు. స్పోర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ మేడమ్ దరఖాస్తులు ముందేసుకుని కూర్చుంది. కప్పు అందుకున్నట్టు ప్రత్యేకాధికారి సంతకంతో సర్టిఫికెట్ ఇస్తే సీట్లు ఇప్పుడే రాసేస్తానని, రేపటితో గడువు అయిపోతుందని ఆమె పిల్లలకు ముందే చెప్పింది. ఫోటో కోసం ఉలిగమ్మ కప్పు ఎత్తి పట్టుకుంది.

సరిగ్గా అప్పుడు రాజధాని నుంచి కవరు వచ్చింది. పరాంకుశరావు గారు విప్పి చదువుకుని పొంగిపోయారు. మైకులో చదివి వినిపించారు: 'కారణము లేకపోవుటయే తగు కారణముగా పరిగణించి, తొలగింపునకు అనుమతించడమైనది.' ఆరోసారి నియామకమైతేగాని కప్పు సక్రమం కాదు గనుక ఇది దైవికమన్నారు. వేదిక మీదనే తిప్పేస్వామిని తొలగించారు. తిప్పేస్వామి 'అందినది' అని రాశాడు. ఆరో నియామకపు ఉత్తర్వు పరాంకుశరావు గారి జేబులో సిద్ధంగా ఉంది. బయటికి తీశారు కూడా.

వెనక నుంచి గుమస్తా వంగి చెవిలో చెప్పాడు. అయిదో తొలగింపుకూ ఆరో నియామకానికీ మధ్య క్విల్టీ గారు రెండేళ్లు ఖాళీగా ఉన్నట్టు అంశము 31 లో ఉంది. సముద్రపు ఒడ్డున ఒంటరిగా నడిచేవారని కూడా ఉంది.

పరాంకుశరావు గారు కాగితం చూశారు. నియామకపు ఉత్తర్వు మళ్లీ జేబులోకి పోయింది. గొంతు సవరించుకుని, విజయము సంప్రాప్తించినమాట వాస్తవమే గాని అకాలమున సంప్రాప్తించినదని, కావున కప్పును రెండు సంవత్సరముల పాటు ఆఫీసు బీరువాలో భద్రపరచి, అటుపిమ్మట సర్టిఫికెట్లు జారీ చేయబడునని ప్రకటించారు.

"అక్కడ పెట్టమ్మా. రెండేళ్లే కదా" అన్నారు ఉలిగమ్మతో.

ఉలిగమ్మ పెట్టలేదు. కప్పును చంకకు ఎత్తుకుంది, బిందెను ఎత్తుకున్నట్టు. ప్రిన్సిపాల్ మేడమ్ కలం మూత తీసి ఉంది, పెట్టనూ లేదు, రాయనూ లేదు. జనంలో గొణుగుడు మొదలైంది. లింగమ్మ ఎవరి ముత్తాతనో ఎంచుకుంటున్నట్టు వేదిక వైపు చూస్తోంది.

జనానికి నచ్చజెప్పడానికి పరాంకుశరావు గారికి మంచి ఉపాయం తోచింది. ఆ రెండేళ్ల మాహాత్మ్యం ఆ మహానుభావుడి నోటివెంటే వినిపిద్దామనుకున్నారు. మైకు క్విల్టీ గారి ముందుకు జరిపి, కప్పు గెలిచే ముందు తమరు రెండు సంవత్సరములు తపస్సు వలె ఉద్యోగము లేకుండా గడిపిన విషయము ఈ బాలికలకు ఆదర్శము కానున్నదని, ఆ దీక్ష ఎందుకు పూనితిరో సెలవియ్యవలెనని ఇంగ్లీషులో అడిగారు.

కిల్టప్ప ఆయన వంక కాసేపు చూశాడు. తర్వాత ఉలిగమ్మ వంక, ఆమె చంకలోని కప్పు వంక చూశాడు. రెండు ముక్కల్లో జవాబిచ్చి, టోపీ పెట్టుకున్నాడు.

సుదర్శనం గారు మైకందుకున్నారు. నోరు తెరిచారు. క్విల్టీ మహాశయులు, అన్నారు. అక్కడ ఆగారు. ఆ రెండు ముక్కలకు పూలదండ వెయ్యడానికి ఎక్కడా మెడ దొరకలేదు.

"ఏమంటున్నారు?" అన్నారు పరాంకుశరావు గారు.

వేదిక అంచున నిలబడ్డ తిప్పేస్వామికి చేతిలో ఉన్న తొలగింపు కాగితం గుర్తొచ్చింది. ఇప్పుడాయన ఏ ఆఫీసుకూ ఉద్యోగి కాదు. నోరు మూసుకోవలసిన నిబంధనలేవీ ఈ నిమిషం ఆయనకు వర్తించవు. ముందుకు వచ్చి సుదర్శనం గారి చేతిలోంచి మైకు తీసుకున్నాడు. నిచ్చెన నాటి గొంతు ఇంకా లోపలే ఉంది.

"తపస్సు కాదంట సార్. ఆ రెండేండ్లు ఆయప్పను ఎవురూ పిల్సలేదంట. పిల్చింటే మర్నాడే పోయుండేవాడంట."